అంగిట్లో చప్పుడు

వాడి పేరుకి శనివారమని అర్థం.
ఆ పేరు నడుమ ఒక చప్పుడుంది.
అరక దున్నేవాడు ఎద్దును అదిలిస్తూ
నాలుకను అంగిటికి అంటించి లాగుతాడే, అది.
యాభై ఆరు అక్షరాలు దిద్దిన నా చేతికి
దాన్ని రాయడం రాదు.
అందుకే చోటు వదిలి రాస్తున్నాను:
మొ—ఎబెలో.
అక్కడికి రాగానే మీరూ ఒకసారి ఎద్దును అదిలించండి.

లెసోతోలో, మలోటి కొండల మీద
బడికి ఎక్కువగా ఆడపిల్లలే పోతారు.
మగపిల్లాడు పాలపళ్లు ఊడకముందే గొర్రెల వెంట పోతాడు.
దుప్పటి, రబ్బరు బూట్లు, చేతికర్ర,
మాట వినే కుక్క ఒకటి.
దొడ్డికి అడ్డుకర్ర పడ్డాక
న్తాతీసి బడి తలుపు తీస్తుంది.

బడి అంటే గుండ్రటి రాతి గుడిసె,
తొమ్మిదిమంది కుర్రాళ్లు, ఒక్క ఫోను.
పగలంతా అది గడ్డికప్పు మీద
పలకంత సోలారు రేకు పక్కన ఎండ తాగుతుంది.
రాత్రి చేతులు మారుతుంది,
చలిమంట చుట్టూ చుట్ట మారినట్టు.
అద్దం నిండా వేళ్ల జిడ్డు, ఉన్ని వాసన.
ఒక్కొక్కడికి నూట ఇరవై అంకెల వంతు;
మిగతావాళ్లు గట్టిగా లెక్కపెడతారు.
లెక్క నేర్చింది అలాగే,
ఒకడి వంతు ఎప్పుడైపోతుందా అని.

పదోవాడు పకీసో, గుమ్మం బయటే.
మంద యజమాని బడికి ఒప్పుకోలేదు,
బయట నిలబడొద్దని మాత్రం అనలేదు.
అందుకని ఫోను పట్టుకున్నవాడు
తలుపు వైపు కాస్త వంచి పట్టుకుంటాడు.
మెడ నొప్పి పుడుతుంది. అయినా వంచే.

లెక్కల ఆట ఒకరోజు అడిగింది:
నలభై ఏడు గొర్రెలు. మూడు తప్పిపోయాయి. మిగిలినవెన్ని?
మొ—ఎబెలో చాలాసేపు చూశాడు.
"ఏ మూడు? చూడిగొర్రె ఉందా అందులో?
మంచు మొదలైందా?"
తర్వాత సున్నా నొక్కాడు.
ఎర్ర గుర్తు. మళ్లీ ప్రయత్నించు, అంది ఆట, తియ్యగా.
"మూడింటి కోసం పోతే
నలభై నాలుగింటిని నక్కలకి ఎవరప్పజెప్తారు?
పోకపోతే ఇంటికి ఏ మొహంతో పోతాను?
సున్నాయే."
న్తాతీసి నవ్వలేదు.
నేల మీద సుద్దతో నలభై నాలుగు రాసింది.
పక్కన సున్నా కూడా రాసింది.
ఒకటి పరీక్షకి, అంది.
రెండోది ఏమిటో చెప్పలేదు.

ఇంకో రాత్రి మైకు బొమ్మ నొక్కారు.
నువ్వు పలుకు, నేను రాస్తా అంటుందది.
అందరి పేర్లూ రాసింది, వంకరో టింకరో.
మొ—ఎబెలో అనగానే రాసింది:
మొబైల్.
గుడిసె కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.
ఆ వారమంతా కొండ మీద వాడి పేరు అదే.
వాడికి కోపం రాలేదు.
చెవిటి పొట్టేలుకి పిలుపు అలవాటు చేసినట్టు
ఫోనుని మోకాళ్ల మీద పెట్టుకుని
ఆ ఒక్క చప్పుడే, ఒక్కటే, మళ్లీ మళ్లీ.
వినబడలేదు, అంది.
వినబడలేదు.
వినబడలేదు.

వేసవి రాగానే మందలు పైకెక్కాయి.
పైన గడ్డి ఉంటుంది, సిగ్నలు ఉండదు.
న్తాతీసి తన పాత ఫోనులో పాఠాలు నింపి
ఉన్నిగుడ్డలో చుట్టి వాడికిచ్చింది.
ఖర్చు రాసుకునే పుస్తకంలో దాన్ని ఎక్కడా రాయలేదు.

నెల గడిచింది. ఇంకో పది రోజులు.
ఏ గట్టెక్కితే దొరికిందో ఏమో గాలిలో దారి,
పదకొండు క్షణాల కబురు వచ్చింది.
కింద ఫోను రాసిపెట్టింది: మాటలు లేవు.

చెవికి ఆనించుకుంది.
గాలి. మెడగంట. కుక్క.
గాలి.
అప్పుడు, అంగిట్లోంచి, తడిగా, ఒక్కసారి.

ఆ రోజు మంగళవారం.
న్తాతీసి హాజరు పట్టీ తీసి
శనివారం వచ్చాడని రాసుకుంది.